పొత్తిగుడ్డలు ఎవరు ఉతకాలి?

పసిపిల్లలకు ప్లాస్టిక్ డైపర్లు వద్దు, పూర్వం లాగా గుడ్డలే వాడుదాం అనే మాట ఈ మధ్య పట్టణ కుటుంబాల్లో తరచుగా వినిపిస్తోంది. పర్యావరణం గురించి ఆలోచించేవారు, గుడ్డ డైపర్లు కుట్టి అమ్ముతున్న చిన్న సంస్థలు, కొందరు వైద్యులు ఈ మాటను ప్రచారం చేస్తున్నారు. భూమి గురించి, బిడ్డ చర్మం గురించి పడుతున్న ఈ ఆరాటాన్ని కాదనవలసిన పని లేదు. అయితే ఈ చర్చ మొత్తంలో ఒక చిన్న ప్రశ్న ఎక్కడా వినబడదు. ఆ గుడ్డలు ఎవరు ఉతకాలి? డైపరు వాడేవారినైనా ఇలాంటి ప్రశ్నే అడగాలి. వాడి పారేసినదాన్ని ఎవరు ఎత్తాలి? ఈ రెండు ప్రశ్నలకూ మన సమాజంలో జవాబు ఒక్కటే. స్త్రీలు. అందులోనూ కింది కులాల, పేద కుటుంబాల స్త్రీలు. అందుకే ఇది ఒక తల్లి ఇష్టాయిష్టాలతో ముగిసిపోయే విషయం కాదనీ, హక్కుల పత్రికలో చర్చించవలసిన విషయమేననీ మేము భావిస్తున్నాం.

ఈ ప్రశ్న వేయడానికి శంషాబాద్ ప్రాంతం కంటే తగిన చోటు లేదు. 2008 మార్చిలో ఇక్కడ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. దాని కోసం దాదాపు 5,500 ఎకరాల భూమిని కేటాయించారు. ఆ నేల మీద కూలి చేసుకు బతికిన ఆడవాళ్ళలో కొందరు ఊడ్చే పనికి, తుడిచే పనికి, తోటపనికి కాంట్రాక్టర్ల కింద చేరారు. రాళ్ళగూడ, గగన్‌పహాడ్, సాతంరాయి వంటి చోట్ల పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన కుటుంబాలు ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటున్నాయి. అక్కడి నుంచి బెంగుళూరు రహదారి మీద ఇంకొంత దూరం పోతే కొత్తూరు మండలం పెంజర్ల వస్తుంది. ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 2014లో తెరిచిన పెద్ద కర్మాగారం అక్కడే ఉంది. పసిపిల్లల డైపర్లు అక్కడ తయారవుతాయి. బట్టలుతికే సబ్బు పొడి కూడా అక్కడే తయారవుతుంది. డైపరు కొన్నా, దాన్ని మానేసి గుడ్డలు ఉతికినా, సరుకు అదే ఆవరణలోంచి వస్తుందన్నమాట. తల్లి ఏది ఎంచుకున్నా మార్కెట్టు నష్టపోదు. నష్టపోయేది ఎవరో తేల్చుకోవడం మన పని.

గుడ్డల కాలం గురించి మాట్లాడేవాళ్ళు దాన్ని ఒక స్వర్ణయుగంగా వర్ణిస్తుంటారు. నాయనమ్మ పాత నూలు చీర, తాతయ్య పంచె చింపి పొత్తిగుడ్డలు చేసేవారు. లంగోటీ కట్టేవారు. బిడ్డను కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని వేళకు దొడ్డికి అలవాటు చేసేవారు. వానాకాలంలో బుట్ట బోర్లించి, కింద సాంబ్రాణి పొగ వేసి గుడ్డలు ఆరబెట్టేవారు. ఇదంతా నిజమే. తల్లులు, మంత్రసానులు తరతరాలుగా కూడబెట్టిన ఈ జ్ఞానానికి విలువ ఇవ్వాల్సిందే. కానీ ఆ గుడ్డలు తమంతట తామే తెల్లబడలేదు. ఉన్న ఇళ్ళలో బాలింత గుడ్డలూ, బిడ్డ గుడ్డలూ మైల పేరుతో చాకలి ఇంటికి వెళ్ళేవి. ఆ మూట విప్పి, చెరువు గట్టున నెత్తురూ మలమూత్రాలూ కడిగింది చాకలి స్త్రీ. తెలంగాణ గ్రామాల్లో దొరల గడీలకు ఈ పని వెట్టిగా సాగింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడి కొట్లాడిన చరిత్రను ఈ రోజు రాష్ట్రమంతా గౌరవిస్తోంది. కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆ పేరును గౌరవించే మనం, ఆమె కులానికి అంటగట్టిన చాకిరీని మరిచిపోయి పొత్తిగుడ్డల మీద మురిపెం పడితే అది చరిత్రకు ద్రోహమే అవుతుంది. ఇక చాకలికి గింజలు పెట్టే స్తోమత లేని ఇళ్ళలో తల్లే, కొన్నిసార్లు బడి మానేసిన పెద్ద కూతురే ఆ గుడ్డలు ఉతికింది.

డైపరు వచ్చింది ఈ చాకిరీ నుంచి విడుదల కల్పిస్తానంటూనే. అమెరికాలో మేరియన్ డోనోవన్ అనే తల్లి 1946లో స్నానాలగది తెరను కత్తిరించి, గుడ్డ మీద తొడిగే తడి అంటని తొడుగును కుట్టింది. 1951లో దానికి పేటెంటు పొందింది. వాడి పారేసే డైపరును పెద్ద ఎత్తున మార్కెట్టులోకి తెచ్చిన ప్యాంపర్స్ 1961లో వచ్చింది. మన దగ్గర అది మధ్యతరగతి ఇళ్ళకు చేరి, ఇప్పుడు బస్తీ కిరాణా కొట్టులో ఒక్కొక్కటిగా విడిగా వేలాడుతోంది. దాన్ని కొంటున్న తల్లిని బద్ధకస్తురాలనీ, బిడ్డ మీద ప్రేమ లేనిదనీ ఆడిపోసుకోవడం మన ఇళ్ళలో మామూలైపోయింది. ఈ నిందను మేము తిరస్కరిస్తున్నాం. రాత్రి పాళీ చేసి వచ్చి నాలుగు గంటలు నిద్రపోవాలనుకునే స్త్రీకి డైపరు విలాసం కాదు. ఆ నాలుగు గంటలు ఆమెకు ఇంకెవరూ ఇవ్వలేదు కాబట్టే ఆమె వాటిని కొనుక్కుంటోంది.

ఎంతకు కొనుక్కుంటోందో కూడా చూద్దాం. రోజుకు నాలుగు డైపర్లు అనుకుంటే రెండేళ్ళకు 2,920 అవుతాయి. ఒక్కొక్కటి పది రూపాయలే అనుకున్నా 29,200 రూపాయలు. కాంట్రాక్టు పనిలో ఉన్న స్త్రీకి ఇది నెలల జీతం. అందుకే పేద ఇళ్ళలో డైపరును పొదుపుగా వాడతారు. నాలుగు వాడవలసిన చోట రెండే వాడతారు. తడిసి బరువెక్కినదాన్ని గంటల తరబడి ఉంచేస్తారు. చర్మం ఒరుసుకుపోయి, ఎర్రగా కమిలి, పుండ్లు పడి బిడ్డ ఏడుస్తుంది. మళ్ళీ నింద తల్లి మీదికే వస్తుంది. వస్తుసేవల పన్నులో 2018 జూలైలో శానిటరీ నాప్కిన్ల మీద పన్ను ఎత్తేశారు. పసిపిల్లల డైపర్ల మీద 12 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరులో 5 శాతానికి తగ్గించారు. మంచిదే. కానీ పన్ను తగ్గితే కొనడం తేలికవుతుందే తప్ప, పారేసినదాన్ని ఎత్తేవాళ్ళ పని తేలిక కాదు.

వాడేసిన డైపరులో ప్లాస్టిక్ పొర, తడి పీల్చే రసాయన పొడి, వాటితో పాటు మలమూత్రాలు ఉంటాయి. అది కుళ్ళదు, తిరిగి పనికిరాదు. 2016లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు దాన్ని విడిగా చుట్టి పొడి చెత్తలో వేయాలని చెప్పాయి. చుట్టడానికి సంచులు ప్యాకెట్టుతో పాటు తయారీదారులే ఇవ్వాలని కూడా చెప్పాయి. పదేళ్ళ తర్వాత కూడా మన వీధుల్లో చాలా డైపర్లు చుట్టకుండానే, తడి చెత్తతో కలిసే వస్తున్నాయి. 2026లో వచ్చిన కొత్త నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త అని నాలుగు భాగాలుగా వేరుచేయమంటున్నాయి. ఈలోగా శంషాబాద్ పంచాయతీ నుంచి 2018లో మున్సిపాలిటీ అయింది. 2025 చివరిలో మహానగర పరిధిలో కలిసింది. బోర్డుల మీద పేర్లు మారాయి. చెత్త బండిలో చేతులు పెట్టి డైపర్లు ఏరేవాళ్ళు మాత్రం మారలేదు. వాళ్ళు ఎక్కువగా దళిత స్త్రీలు.

ఇక్కడ చట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. మనుషుల చేత మలాన్ని ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత బలమైన చట్టం వచ్చాయి. 2013 చట్టం అనారోగ్యకరమైన మరుగుదొడ్లు, అక్కడి మలం చేరే కాలువలు, గుంటలు, రైలు పట్టాలను పేర్కొంది. ఇతర చోట్లను ప్రభుత్వం ప్రకటించవచ్చునని కూడా చెప్పింది. చెత్తకుండీని ఆ జాబితాలో పేర్కొనలేదు. మరుగుదొడ్డి నుంచి తొలగించామని చెప్పుకున్న పని, ప్లాస్టిక్ పొరలో చుట్టుకుని చెత్తబండిలోకి వచ్చి చేరింది. చేసే చేతులు అవే. పసిబిడ్డ మలం గనుక అసహ్యం లేదని తల్లి అనుకోవచ్చు. రోజుకు వందల ఇళ్ళ డైపర్లు ముట్టుకునే స్త్రీ విషయంలో ఆ మాట చెల్లదు.

మరి గుడ్డలకు తిరిగి పోవడమే దారా? బ్రిటన్‌లో ఈ విషయం మీద ప్రభుత్వం తరఫున పలుమార్లు అధ్యయనాలు జరిగాయి. గుడ్డలు ఎలా ఉతుకుతాం, ఎలా ఆరబెడతాం అన్నదాన్ని బట్టే లాభనష్టాలు ఉంటాయని 2008 నాటి అధ్యయనం తేల్చింది. వేడినీళ్ళు, కరెంటుతో ఆరబెట్టే యంత్రం వాడితే గుడ్డల మేలు తగ్గిపోతుంది. 2023లో వచ్చిన అధ్యయనం వాతావరణం మీద భారం గుడ్డ డైపర్లకు సుమారు 25 శాతం తక్కువని చెప్పింది. చన్నీళ్ళతో ఉతికి ఎండలో ఆరవేసే మన దేశంలో గుడ్డల వైపు మొగ్గు ఇంకా ఎక్కువే ఉండవచ్చు. అయితే ఇలాంటి లెక్కల్లో నీరు ఉంటుంది, కరెంటు ఉంటుంది, పొగ ఉంటుంది. ఉతికే మనిషి నడుము నొప్పి ఉండదు. మన దగ్గర ఆ నొప్పికే మొదటి లెక్క కట్టాలి.

కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ మధ్య స్త్రీలు జీతం లేని ఇంటిపనికి రోజుకు సుమారు 305 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ వయసు స్త్రీలలో 41 శాతం మంది పిల్లలనో పెద్దలనో చూసుకునే పనిలో ఉంటే, పురుషులలో 21.4 శాతమే ఉన్నారు. ఆ పని చేసేవారిలో కూడా స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు పెడుతున్నారు. ఈ అసమానతను అలాగే ఉంచి గుడ్డలు వాడమని చెప్పడమంటే, భూమిని కాపాడే బాధ్యతను కూడా స్త్రీ 305 నిమిషాలకే కలపడం.

నీళ్ళ సంగతి మరొకటి. మలం అంటిన గుడ్డలు జాడించడానికి, ఉతకడానికి, సబ్బు పోయేదాకా తీయడానికి రోజుకు మూడు బకెట్లు అనుకుందాం. బకెట్టు 15 లీటర్లయితే 45 లీటర్లు. మిషన్ భగీరథ మున్సిపాలిటీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని లెక్క వేసుకుంది. అద్దె గదుల వరుసకంతా ఒకే కుళాయి, యజమాని మోటారు వేసిన అరగంటే నీళ్ళు అన్న చోట ఆ లెక్క కాగితం మీదే ఉంటుంది. గుడ్డలు ఆరవేయడానికి దండెం కట్టనివ్వని యజమానులూ ఉన్నారు. అలాంటి గదిలో ఉన్న తల్లి ముందు నిలబడి పర్యావరణ పాఠం చెప్పే నైతిక హక్కు మనలో ఎవరికి ఉంది?

నిజానికి డైపరా, గుడ్డా అన్న ప్రశ్న వెనుక ఇంకో ప్రశ్న ఉంది. తల్లి పనిలో ఉన్నప్పుడు బిడ్డ ఎక్కడ ఉంటోంది? అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళు నిండాకే మొదలవుతుంది. గుడ్డలు మార్చవలసిన వయసు పిల్లలను పనివేళలంతా చూసుకునే చోటే లేదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు గది ఉండాలంది. లెక్క స్త్రీలతో ముడిపెట్టడంతో, స్త్రీలను 50కి లోపే ఉంచుకుంటే సరిపోయింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కార్మిక కోడ్లలో 50 మందికి మించి కార్మికులున్న చోట, ఆడా మగా తేడా లేకుండా లెక్కించి, శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. ఆ కోడ్ల మీద కార్మిక సంఘాలకు ఎన్నో అభ్యంతరాలు ఉన్నాయి, మనకూ ఉన్నాయి. కానీ ఈ ఒక్క అంశాన్ని వదులుకోకూడదు. బిడ్డ తల్లి ఒక్కతె బాధ్యత కాదని చట్టం మాటవరసకైనా ఒప్పుకున్న చోటు ఇది. విమానాశ్రయం చుట్టూ ఉన్న కాంట్రాక్టర్లు, గిడ్డంగులు, హోటళ్ళు, నిర్మాణ స్థలాల దగ్గర ఈ గదులు ఎక్కడ ఉన్నాయో, ఉన్నవాటిలో నీళ్ళూ, ఉతికే ఏర్పాటూ, జీతం తీసుకునే ఆయా ఉన్నారో లేదో అడగడం మన సంఘాల తక్షణ కార్యక్రమం కావాలి.

దీనితో పాటు మరికొన్ని డిమాండ్లను చర్చకు పెడుతున్నాం. డైపర్లు తయారుచేసే కంపెనీలు చుట్టే సంచి ఇవ్వడంతో సరిపెట్టకుండా, వాటిని సేకరించి శుద్ధిచేసే ఖర్చు భరించాలి. పారిశుధ్య కార్మికులకు చేతి తొడుగులు, టీకాలు, సబ్బు, వేతనంతో కూడిన సెలవు వారి హక్కుగా అందాలి. శానిటరీ చెత్తను విడిగా ఇవ్వని అపార్టుమెంట్లకు జరిమానా వేయాలి గానీ, ఏరలేదని కార్మికురాలి జీతం కోయకూడదు. మన పొదుపు సంఘాలు గుడ్డ డైపర్లు కుడుతున్న చోట్ల, కుట్టుకూలితో ఆగకుండా, మంచి వేతనంతో యంత్రాల మీద ఉతికి ఇచ్చే సామూహిక లాండ్రీలు పెట్టడానికి స్థానిక సంస్థలు స్థలం, నీరు ఇవ్వాలి. ఆ పని మళ్ళీ ఒక్క కులానికే అంటుకోకుండా చూడాలి.

అన్నిటికంటే కష్టమైన డిమాండు ఇంటి లోపలిది. బిడ్డకు తండ్రి ఇంటిపేరు పెట్టేటప్పుడు లేని మొహమాటం, బిడ్డ గుడ్డ ఉతికేటప్పుడు తండ్రికి ఎందుకు రావాలి? సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో కూడా, ఇది ఇంటి గొడవ, దీనికి రాజకీయమెందుకు అన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ మాట వినలేదు. కాబట్టే అది రాష్ట్రాన్ని కదిలించింది. పొత్తిగుడ్డ అంతకంటే చిన్న విషయమని మేము అనుకోవడం లేదు.

గుడ్డలు వాడమనే ప్రచారానికి మేము వ్యతిరేకులం కాదు. ఆ ప్రచారం చేసేవారు ముందుగా ఇంట్లో మగవారి చేతికి బకెట్టు ఇచ్చి, బస్తీకి నీళ్ళు వచ్చేలా మాతో కలిసి పోరాడి, ఆ తర్వాత తల్లులతో మాట్లాడాలని మాత్రమే కోరుతున్నాం. మీ ప్రాంతంలో పనిచోట బిడ్డల గదులు ఎలా ఉన్నాయో, చెత్త ఏరే అక్కలు ఏమంటున్నారో రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ చర్చను కొనసాగిద్దాం.