అమ్మీ అబ్బా ఇంటికి బట్టల మెషీన్

వృద్ధులైన తల్లిదండ్రులకు పిల్లలు కొనిచ్చే వస్తువుల్లో ఈ రోజుల్లో బట్టలుతికే మెషీన్ ముఖ్యమైనది. జెద్దాలోనో, దుబాయిలోనో, హైదరాబాదులోనో ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు. ఊళ్ళో ఉన్న బావమరిదో, పక్కింటి కుర్రవాడో దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో పెద్దది, మెరిసేది ఎంచి తెస్తాడు. అమ్మీని మాత్రం ఎవరూ అడగరు. శుక్రవారం పేజీలో ఇదేం విషయమని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నమాజు చేసే ఇంట్లో బట్టలు పాక్‌గా ఉండటం షరతు కాబట్టి, ఆ బట్టలు ఎలా ఉతుకుతున్నామన్నది కూడా దీనీ విషయమేనని మా అభిప్రాయం.

ఇళ్ళలో ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. వయసు మళ్ళిన మగవారిలో చాలామందికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగి, మూత్రం చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఎక్కువ కాన్పులైన స్త్రీలలో కండరాలు బలహీనపడి, దగ్గినా తుమ్మినా బట్ట తడుస్తుంది. రోజుకు రెండు మూడు లుంగీలు, సల్వార్లు మార్చవలసి వస్తుంది. ఉతుకుదామంటే అమ్మీ మోకాళ్ళు వంగవు. కోడలి చేతికి ఇవ్వడానికి అబ్బాకు సిగ్గు. తడిసిన లుంగీని మంచం కింద దాచిన పెద్దలను మేమెరుగుదుం. బట్టలు నాపాక్ అయ్యాయన్న దిగులుతో మసీదుకు రావడం మానుకున్నవారిని, జమాఅత్‌లో నలభై ఏళ్ళు మొదటి సఫ్‌లో నిలబడినవారిని, ఇంటి గుమ్మంలో కూర్చుని అజాన్ వింటూ ఉండగా చూశాం. దీనికి వైద్యం ఉంది, డాక్టరుకు చూపించాలి. మూత్రం ఆగనివారికి మాజూర్ మసాయిల్ ఉన్నాయి. షరీఅత్ ఇచ్చిన ఆ వెసులుబాటును స్థానిక ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి, నమాజు వదలకూడదు. మూడోది ఉతుకు సౌకర్యం. మన చేతిలో ఉన్నది అదే.

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతులలో, ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల ముందు విసుగు మాట కూడా పలకరాదన్న ఆదేశం ఉంది. ఆ విసుగు మాట చాలా ఇళ్ళలో పుట్టేది తడిసిన పక్కబట్టల దగ్గరే. అత్తమామల బట్టలు ఉతకడం కోడలికి షరీఅత్ విధించిన పని కాదని, చేస్తే అది ఆమె ఎహ్సాన్ అని, బాధ్యత కన్న బిడ్డలదని ఉలమా చెబుతూనే ఉన్నారు. మనవాళ్ళకు ఆ మస్అలా వినిపించదు.

ఇక మెషీన్ సంగతి. సెమీ ఆటోమేటిక్‌లో రెండు తొట్లుంటాయి, ఒకటి ఉతకడానికి, ఒకటి పిండడానికి. ధర తక్కువ, నీళ్ళు బకెట్టుతో పోసుకోవచ్చు, కరెంటు పోయినా నష్టం లేదు. మన ఊళ్ళలో ఎక్కువగా ఉన్నది ఇదే. అయితే తడిసి బరువెక్కిన బట్టలను ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి ఎత్తి వేయాలి. డెబ్బై ఏళ్ళ నడుముకు ఆ పని తగదు. మరో చిక్కు తహారత్‌ది. సబ్బు నీళ్ళు వృథా చేయడం ఎందుకని ఒకే నీటిలో ఒక విడత తర్వాత ఇంకో విడత వేసి, తిన్నగా పిండి ఆరవేస్తారు. ఆ మొదటి విడతలో మూత్రం తగిలిన లుంగీ ఒక్కటి ఉంటే, ఆ నీరు తగిలిన దుపట్టాలు, జానమాజులు అన్నీ నాపాక్ అవుతాయి. చూడటానికి తెల్లగా, సువాసనగానే ఉంటాయి!

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం, కంటికి కనిపించే నజాసత్ అయితే అది పోయేదాకా కడగాలి. ఎంత రుద్దినా పోని మరక మిగిలితే తప్పు లేదు. కనిపించనిదైతే, ఆరిన మూత్రంలాంటిదైతే, పాత్రలో కడిగేటప్పుడు మూడుసార్లు కొత్త నీటితో కడిగి ప్రతిసారీ పిండాలి. కొళాయి ధార కింద నీళ్ళు ధారాళంగా పోస్తే, పోయిందన్న నమ్మకం కుదిరేదాకా కడగడం చాలు. కాబట్టి సెమీ మెషీన్ ఉన్నవాళ్ళు తడిసిన భాగాన్ని ముందు కొళాయి కింద కడిగి వేస్తే సరిపోతుంది. ఫుల్లీ ఆటోమేటిక్‌లో ఉతికిన నీరు బయటికి పోతుంది, మెషీనే పిండి, కొత్త నీరు పట్టి జాడిస్తుంది. ఉతుకు ఒకటి, జాడింపులు రెండు, మధ్యలో పిండటం ఉంటే మూడు కడుగుళ్ళూ పూర్తయినట్టే. కొన్ని మెషీన్లు మామూలుగా ఒక్క జాడింపుతో ఆగిపోతాయి. అందుకే దుకాణంలో రంగు, అద్దం మూత చూడక ముందు, రిన్స్‌ల సంఖ్య పెంచుకునే మీట ఉందా అని అడగాలి. మన ఇళ్ళకు ఇంతకంటే అవసరమైన ప్రశ్న లేదు.

పైమూత మెషీన్ కొనాలా, ముందు తలుపుదా? ఇది అమ్మీ శరీరాన్ని బట్టి తేలాలి. మోకాళ్ళ నొప్పి ఉంటే పైమూతది మంచిది, వంగనక్కరలేదు. పొట్టి మనిషి అయితే, భుజం పట్టేసి ఉంటే, ఆ తొట్టి అడుగున చిక్కుకున్న చేతిరుమాలు అందదు. బల్ల ఎక్కి తీస్తూ పడిపోయే ప్రమాదం ఉంది. అలాంటివారికి ముందు తలుపుది, దాన్ని గట్టి స్టాండు మీద పెట్టి ఇవ్వాలి. ఇది నీళ్ళు తక్కువ తాగుతుంది, వేడి నీటితో ఉతుకుతుంది, గట్టిగా పిండుతుంది. ఖరీదు ఎక్కువ, సమయమూ ఎక్కువే తీసుకుంటుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట దాని హీటరుకు సున్నపు పొర పడుతుంది, అప్పుడప్పుడు మందు వేసి కడగాలి. అమ్మీని ఆటోలో కూర్చోబెట్టుకుని దుకాణానికి తీసుకెళ్ళి, మూత తీయించి, చెయ్యి లోపల పెట్టించి చూడటానికి అరగంట పడుతుంది. మష్వరా అంటే కమిటీ మీటింగుల్లోనే జరగాలని ఎక్కడా లేదు.

ఇద్దరే ఉన్న ఇంటికి ఆరు, ఆరున్నర కిలోలది చాలు. మా పేటలో ఒక ఇంట్లో తొమ్మిది కిలోల మెషీన్ ఉంది. స్నానాల గది గుమ్మం పట్టక నడవలో పెట్టారు. దాని మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద మందుల డబ్బా. బట్టలు మాత్రం పనిమనిషి బండ మీద ఉతుకుతోంది. ఇస్రాఫ్ అంటే పెళ్ళి విందులే గుర్తొస్తాయి మనకు.

కొనేముందు ఇంటి సంగతి చూడాలి. ఆటోమేటిక్ మెషీన్లు చాలావాటికి నీరు పైనుంచి కొంత ఒత్తిడితో రావాలి. ట్యాంకు కొళాయి కంటే పదడుగుల ఎత్తున ఉంటే ఇబ్బంది ఉండదు. పెంకుటింటి మీద తక్కువ ఎత్తులో డ్రమ్ము పెట్టుకున్నవాళ్ళు, తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడలే అడగాలి. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గాని వెనుక ఎర్త్ వైరు ఉండదు. తడి నేల, వట్టి కాళ్ళు, ముసలి ప్రాణం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ పరీక్ష చేయించి, షాకు కొడితే కరెంటు ఆపేసే పరికరం పెట్టించకుండా మెషీన్ ఇంట్లోకి తేవద్దు. సౌదీ నుంచి కార్గోలో పంపుదామనుకునేవారికి ఒక మాట: అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50. ఇక్కడ రిపేరుకు వచ్చేవాడూ దొరకడు. వడ్డీ కట్టే వాయిదాల మీద కొని తల్లిదండ్రుల సేవ అనుకోవడం గురించి వేరే చెప్పాలా? చేతిలో ఉన్నంతలో చిన్నది కొనండి.

ఆరబెట్టే మెషీన్, అదే డ్రయర్, కావాలా అని గల్ఫ్ పిల్లలు అడుగుతుంటారు. కడపలో, కర్నూలులో, నల్గొండలో అల్లాహ్ ఇచ్చిన ఎండ ఉండగా దాని మీద డబ్బు పోయడం మాకు సబబుగా తోచదు. అమ్మీ డాబా మెట్లు ఎక్కకుండా, వరండా కప్పుకు తాడు లాగితే కిందికి దిగే దండెం బిగిస్తే చాలు. తీరప్రాంతాల్లో వానాకాలం, మంచం పట్టిన మనిషికి రోజూ దుప్పట్లు మార్చే ఇల్లు, డాబా తాళం ఇవ్వని హైదరాబాదు అపార్టుమెంటు, వీటి సంగతి వేరు. అక్కడ అది విలాసం కాదు. చోటు లేకపోతే ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే డబ్బాలో చేసేవి ఉన్నాయి. కాని ఎనిమిది కిలోలు ఉతికేది అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టలేదు, ఐదారు కిలోలే. సగం బట్టలు తీసి రెండో విడతగా వేయాలి. అంత బాధ పడలేనివారు మొదటి నుంచే తక్కువ వేయాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, బిల్లూ పెరుగుతుంది. విడిగా కొనే డ్రయర్లలో హీట్ పంపు రకం కరెంటు బాగా తక్కువ తీసుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. జల్లెడలో చేరే నూగును ప్రతిసారీ తీయకపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఆ పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకోవాలి.

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట బుఖారీలో ఉంది. మరి రిటైరై ఇంట్లో కూర్చున్న అబ్బా మెషీన్ నడపడం నేర్చుకోవడానికి నామోషీ ఎందుకు? తన లుంగీ తానే వేసి తానే తీసుకుంటే ఎవరి ముందూ సిగ్గుపడే పని లేదు. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు అమ్మీకి తెలియవు. రోజూ కావలసిన రెండు మీటల పక్కన ఎర్రది ఒకటి, పచ్చది ఒకటి బిళ్ళ అంటించండి. వణికే వేళ్ళకు అద్దంలాంటి టచ్ ప్యానెల్ కంటే నొక్కితే లోపలికి దిగే మీట, తిప్పే చక్రం నయం. పొడి ఎంత వేయాలో చూపించి ఒక చిన్న కప్పు ఇవ్వండి, పెద్దవాళ్ళు అలవాటు కొద్దీ పిడికెడు ఎక్కువే వేస్తారు, నురుగు పోక బట్టలు జిడ్డుగా మిగులుతాయి. మొదటి నాలుగైదు ఉతుకులకు కొడుకో కూతురో పక్కన ఉండాలి. వీడియో కాల్‌లో నేర్పుదామనుకుంటే అమ్మీ అన్నింటికీ సరే బేటా అంటుంది, ఫోను పెట్టేశాక బకెట్టు తీసుకుంటుంది. దూది రజాయిలు మాత్రం ఈ చిన్న మెషీన్లలో వేయవద్దు, వాటిని ఎప్పటిలాగే చాకలికి ఇవ్వండి.