రిలేను షార్ట్ చేసే రిపేరు మాకొద్దు

పాత స్టీరియో రిసీవర్ ఇంట్లో ఉన్నవారికి, దాన్ని విప్పే మెకానిక్ సోదరులకు:

మొన్న మా వీధిలో ఒక వూఫర్ కాలిపోయింది. ఆ ఇంటి పెద్దాయన కువైట్‌లో పనిచేసిన రోజుల్లో మోసుకొచ్చిన జపాన్ రిసీవర్ అది. ఆమధ్య ఎడమ చానెల్ మూగబోతే ఒక షాపులో ఇచ్చారు. పాట తిరిగొచ్చింది. కానీ అప్పట్నుంచీ సెట్టు ఆపినప్పుడల్లా స్పీకర్లో ‘ధబ్’మనేది. అడిగితే, ‘‘పాత సెట్టు కదండీ, అలాగే ఉంటుంది’’ అన్నారట. మొన్న ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయింది, సప్లై వోల్టేజీ నేరుగా వూఫర్ కాయిల్లోకి పోయింది. అడుగు మూత తీసి చూస్తే రిలే కాళ్లను కలుపుతూ రెండు రాగితీగ ముక్కలు, పైన బొద్దుగా సోల్డరు.

ఆ తీగముక్కల మీదే మా గొడవంతా.

వెనకటి సెట్లలో ఔట్‌పుట్‌కీ స్పీకర్‌కీ నడుమ పెద్ద కెపాసిటర్ ఉండి డీసీని ఆపేది. అలాంటి చిన్న సెట్లు ఆన్ చేసినప్పుడు కాస్త చప్పుడు మామూలే, వాటి జోలికి మేం పోవడం లేదు. 1970లలో కంపెనీలు ఆ కెపాసిటర్ తీసేసి స్పీకర్‌ను నేరుగా కలిపాయి, కాపలాకు రిలే పెట్టాయి. 1976 నాటి పయనీర్ ఎస్ఎక్స్-1250 చానెల్‌కి 160 వాట్లు ఇస్తుంది. కాపలా లేకుండా దాన్ని అమ్మే ధైర్యం ఎవరికుంటుంది?

స్విచ్ ఆపగానే సెట్టు చావదు. వేల మైక్రోఫారడ్ల ఫిల్టర్ కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. ప్లస్ సప్లై, మైనస్ సప్లై ఒకే వేగంతో దిగవు. ఆ తేడాకి ఔట్‌పుట్ ఒక పక్కకు లాగేస్తుంది, కోను ఎగిరిపడుతుంది. అంతకు ముందే రిలే స్పీకర్‌ను విడదీయాలి. ఏసీ పోయిందని దానికి చెప్పడానికే ఒక డయోడు, ఒక చిన్న కెపాసిటర్ వేరే పెట్టారు. అక్కడ 10 మైక్రోఫారడ్లది తీసి ‘‘పెద్దదైతే ఇంకా మంచిది’’ అని 100 వేసే మహానుభావులున్నారు. అది ఖాళీ అయ్యేసరికి రిలే ఆలస్యంగా వదులుతుంది, ‘ధబ్’ ముందే వచ్చేస్తుంది.

అసలు చానెల్ ఎందుకు మూగబోయింది? తక్కువ వాల్యూమ్‌లో పోయి, పెంచగానే వస్తోందంటే ముందు అనుమానించాల్సింది నల్లబడ్డ రిలే కాంటాక్టులనే. అదే వోల్టేజీ కాయిల్ ఉన్న కొత్త రిలే వేస్తే సరి. అది వేయడానికి బద్ధకం! తీగ వేయడం నిమిషం పని, కూలి మాత్రం పూర్తిగా. ఇది రిపేరు కాదు, దగా. బ్రేకులు పీకేసి బండి బాగా పరిగెడుతోందని అప్పజెప్పడం.

పార్టులు దొరకవంటారు. కోఠి గుజరాతీ గల్లీలో అడిగారా? పాతది పారేసి కొత్తది కొనుక్కోమంటారు. ఆ సలహా ఎవరూ అడగలేదు. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, పోర్టల్ తెరిచింది, సంతోషం. కానీ ఈ జపాన్ సెట్ల సర్వీస్ మాన్యువల్స్‌లో ఎక్కడ ఎంత వోల్టేజీ ఉండాలో ఏనాడో అచ్చయింది. ఉన్నదాన్నే తెరిచి చూడని చేతికి ఏ హక్కు చట్టం బుద్ధి చెబుతుంది?

యజమానులారా, మూత విప్పకండి, లోపలి చార్జి ప్రమాదం. చెవులు చాలు. వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆపండి. ముందు రిలే ‘టక్’మని, స్పీకర్ నిశ్శబ్దంగా ఉంటే సరే. ‘ధబ్’ తర్వాత ‘టక్’ వస్తే రిలే ఆలస్యం. ‘టక్’ అసలే లేకపోతే తీగముక్కలున్నాయేమో అడగండి. స్విచ్ నొక్కిన క్షణంలోనే చిటుక్కుమంటే అది స్విచ్‌లోని నిప్పురవ్వ, దాని కెపాసిటర్ మార్చాలి. 230 వోల్టుల మెయిన్స్ మీద ఎక్స్2 రకం తప్ప మరొకటి వేయనివ్వకండి.

స్పీకర్లు తీసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలిపించండి. 50 మిల్లీవోల్టుల లోపైతే ఫర్వాలేదు. 100 దాటితే స్పీకర్ తగిలించొద్దు. రెండు చానెళ్ల అంకెలూ బిల్లు మీద రాయించుకోండి. మార్చిన పాత రిలే చేతికి తీసుకోండి. షాపులోనే, మీ ముందే సెట్టు ఆపించి వినండి. వీటిలో ఏ ఒక్కటి కుదరదన్నా కూలి ఇవ్వకండి.