పరీక్షాఫలితములను రోగులకు తెలుపు విధము

పాతనగరమునందు దవాఖానాకు పోయి వచ్చినవానిని "డాక్టరు ఏమనెను?" అని ఇరుగుపొరుగువారు అడిగినచో వచ్చు జవాబు సామాన్యముగా ఒక్కటే: "పరీక్షలు వ్రాసినారు." పరీక్షలైన పిదప మరల అడిగినచో "కాగితములు చూచినారు, మందులు మార్చినారు" అనును. ఆ కాగితములలో ఏమున్నదో, మందులు ఏల మారెనో అతనికి తెలియదు. నెత్తురు వానిది, ఊపిరితిత్తి వానిది, కూలి పోగొట్టుకొని వరుసలో నిలిచిన దినము వానిది. వాని సంగతి మాత్రము వానికి తప్ప తక్కినవారికి తెలియును. ఇంతకంటె విపరీతము కలదా?

పరీక్షలు లేవని మొరపెట్టుకొను కాలము చాలవరకు గడచినది. 2018లో బస్తీ దవాఖానాలు వెలసినవి. ఆ యేటనే నారాయణగూడలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల ఆరంభమైనది. బస్తీలలో తీసిన నెత్తురు అచ్చట పరీక్షింపబడును. రోగి పైసయైన చెల్లింపనక్కరలేదు. ఫలితము సెల్‌ఫోనునకు వచ్చునట్లు ఏర్పాటు చేయబడినది. సర్కారు చేసిన ఈ మేలును మేము సంతోషముతో అంగీకరించుచున్నాము. అయినను ఫలితము చేరుట వేరు, దాని అర్థము చేరుట వేరు. ఇంగ్లీషు అక్షరములును, దశాంశపు అంకెలును నిండిన ఆ పత్రమును చూచి, లాడ్‌బజారులో లక్కగాజులకు రాళ్లు అతుకు స్త్రీ చేయగలిగినది ఏమి? పొరుగింటి పదవతరగతి పిల్లవానికి చూపును; లేదా మందుల దుకాణదారునకు చూపును. తుదకు ఆమె రోగమునుగూర్చి తీర్పు చెప్పువాడు అతడే యగుచున్నాడు.

"పాజిటివు" అను ఒక్క మాటను తీసికొనుడు. లోకవ్యవహారమున అది మంచిమాట. క్షయవ్యాధి పరీక్షలో ఆ మాటకు క్రిమి దొరకినదని అర్థము. వినినవాడు పొరబడిన తప్పు వానిదా? "నార్మలు" అను మాట ఇంకను మోసకరము. ఒక పరీక్ష సరిగా నున్నదనగా, వెదకినచోట వెదకినది కానరాలేదనియే గాని రోగమే లేదని కాదు. ఈ భేదమును ఎవరును విప్పి చెప్పరు. కనుక దగ్గు తగ్గకున్నను, బరువు తరుగుచున్నను "అంతయు నార్మలేనట" అని రోగి ఇంటిపట్టుననే యుండిపోవును.

ఈ విషయమున మన పట్టణమునకు పూర్వచరిత్ర లేకపోలేదు. 1846లో ఇచ్చట వైద్యపాఠశాల నెలకొల్పినపుడు బోధన ఉర్దూలో జరిగెను. 1917లో స్థాపితమైన దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయము కొరకు శాస్త్రగ్రంథములను అనువదించెను. వైద్యమును సైతము ఆ భాషలోనే నేర్పిరి. రాజ్యమున అధికసంఖ్యాకులైన తెలుగువారి భాషకు ఆ కళాశాలలో పీట వేయలేదు. ఆ అన్యాయమును మేము మరువలేదు. కాని దేశభాషలో దేహశాస్త్రమును చెప్పవచ్చునని నాడే ఋజువైనది గదా! నేడు నల్లగొండనుండి అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా దవాఖానాకు వచ్చు తెలుగు రైతుకును, యాకుత్‌పురానుండి వచ్చు ఉర్దూ మాటలాడు ముసలమ్మకును ఇద్దరికిని తెలియని మూడవ భాషలో కాగితమిచ్చి పంపుచున్నాము. పక్షపాతము లేదనుట నిజమే.

మరియొక ముచ్చట. క్లోరోఫారము ప్రమాదమా కాదా యని తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డు లారీ దొర పూనికతో ఇచ్చట రెండు కమీషనులు జరిగినవి. రెండవదానికి నిజాము ప్రభుత్వము ధనమిచ్చి లండనునుండి లాడర్ బ్రంటన్ అను పండితుని రప్పించెను. ఆ ప్రయోగముల సారాంశము తంతిమీద లాన్సెట్ పత్రికకు పోయెను. నాడు ఫలితము సముద్రములు దాటినది. నేడు ప్రయోగశాలనుండి వార్డునకు పోవలెనన్న రోగి తమ్ముడో బావమరిదియో మెట్లెక్కి దిగి మోయవలసియున్నది!

ఫలితములన్నియు ఒక్క తీరువి కావు. నెత్తుటిలో పొటాసియము లీటరుకు 3.5 మొదలు 5 మిల్లీఈక్వివలెంట్ల వరకు ఉండదగును. మూత్రపిండములు చెడినవానికి అది 6.5 దాటినచో గుండె ఏ క్షణముననైన నిలిచిపోవచ్చును. అంతవరకు అతడు బల్లమీద కూర్చుండి మాటలాడుచునే యుండవచ్చును. అట్టి అంకె నూరు కాగితముల అడుగున సాయంకాలమువరకు పడియుండదగినదా? లాస్ ఏంజలీసు నగరమున జార్జి లండ్‌బర్గు అను వైద్యుడు 1972లోనే దీనికి మార్గము ప్రకటించెను. ప్రాణాపాయమును సూచించు ఫలితములకు ముందే హద్దు లేర్పరచి, హద్దు దాటినంతనే ప్రయోగశాలవారే వైద్యునకు ఫోను చేసి తెలుపవలెనని ఆ పద్ధతి. విన్నవాడు అంకెను తిరిగి చదివి వినిపించుటయు, గంట, నిమిషములతో పుస్తకమున వ్రాయుటయు తరువాత దానితో చేరినవి. మన పట్టణమున ప్రతి ప్రయోగశాలయు, సర్కారుదైనను ప్రైవేటుదైనను, ఆ పుస్తకమును పెట్టవలెను. దవాఖానా వదలి ఇల్లు చేరినవాని విషయమున వైద్యునికి తెలిసిన చాలదు, వానికే తెలియవలెను. అందుకు చీటీమీద సరియైన ఫోను నంబరు వ్రాసికొనుట మొదటి పని. ఇది చిన్న సంగతియని తోచును. ఆ నంబరు తప్పినవానికి చిన్నది కాదు.

కఫపరీక్ష నేడు యంత్రముమీద రెండు గంటలలో తేలును. రోగిని మాత్రము "రేపు రమ్ము" అని పంపుదురు. చాంద్రాయణగుట్ట దినకూలీకి రేపనగా మరియొక దినపు కూలి. అతడు రాడు. కాగితము దవాఖానాలో భద్రముగా నుండును. క్రిమి వాని ఒంటిగది ఇంటిలో పిల్లలనడుమ నుండును. మందు ఉచితము. 2024 నవంబరునుండి పోషణకై నెలకు 1000 రూపాయలును కలవు. క్షయరోగి కానవచ్చినచో ప్రభుత్వమునకు తప్పక తెలుపవలెనని 2012నుండి ఆజ్ఞయు కలదు. ప్రభుత్వమునకు తెలుపుటలో గల పట్టుదల రోగికి తెలుపుటలో ఏల ఉండరాదు?

ఆ విషయమున కూడ నియమము లేకపోలేదు. 2002 నాటి భారత వైద్యమండలి నియమావళి ప్రకారము వైద్యుడు రోగతీవ్రతను పెంచియు చెప్పరాదు, తగ్గించియు చెప్పరాదు; రోగికిని వానివారికిని మేలు కలుగునంతటి తెలివిడి కలిగింపవలెను; అడిగినచో 72 గంటలలో రికార్డుల నీయవలెను. 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, తగిన సమాచారమీయక పొందిన సమ్మతి సమ్మతియే కాదని తీర్పు చెప్పినది. అక్షరములు చక్కగానే యున్నవి. వరండాలో, పదిమంది వినుచుండగా, తలయెత్తక చెప్పు మాటలో అవి కానరావు.

కాన్సరని తేలినపుడు కుమారుని ప్రక్కకు పిలిచి చెప్పి తండ్రికి దాచుట మనలో ఆచారమైపోయినది. ప్రేమచేతనే దాచుదురు. కాని ఆ తండ్రికి తీర్చవలసిన అప్పులుండును, పంచవలసిన ఇల్లుండును, అడుగవలసిన క్షమాపణలుండును. దాచుటయా, చెప్పుటయా అను నిర్ణయమును వానినుండి లాగికొనుటకు మనమెవరము? పరీక్ష వ్రాయునపుడే "ఫలితము మీకే చెప్పుదుమా? ఎవరినైన వెంట తెత్తురా?" అని అడుగవచ్చును. స్త్రీల విషయమున ఇది మరింత ముఖ్యము. ఇంటిలో ఫోను ఒక్కటే, అది భర్తజేబులో నుండును. ఆమె గర్భసంగతి ఆమెకంటె ముందు జేబునకు తెలియును. హెచ్.ఐ.వి. పరీక్షకు ముందును, తరువాతను ఏకాంతమున కూర్చుండబెట్టి మాటలాడు పద్ధతి సర్కారు కేంద్రములలో ఉన్నది. రహస్యమును కాపాడు 2017 నాటి చట్టము 2018లో అమలునకు వచ్చినది. ఒక్క రోగమునకు చేయగలిగినది క్షయకును, కాన్సరునకును చేయరాదా?

వైద్యమిత్రులు ఇది చదివి నవ్వుదురేమో. ఒక ఉదయముననే నూరుమందిని చూచు చిన్న డాక్టరునకు తీరిక ఎక్కడిదందురు. ఆ కష్టము నిజము. కొలువులు నింపని దొరతనముదే అందులో పెద్దపాలు. కాని చెప్పని రెండు నిమిషములు మిగిలినట్లు కాదు. అర్థముగాక రోగి మూడుమారులు మరల వచ్చును. వరుస మరింత పొడవగును. పరీక్ష వ్రాసిన డాక్టరు వేరు, ఫలితము చూచు డాక్టరు వేరగుటచే బాధ్యత ఎవరి తలమీదను నిలువదు. చీటీమీద జవాబుదారు డాక్టరు పేరును, ఫలితము తెలుపు దినమును తెలుగులోను ఉర్దూలోను అచ్చువేసినచో సగము చిక్కు విడిపోవును. తెలిసినదా యని అడుగక, "ఇంటికి పోయి మీవారితో ఏమి చెప్పుదువు?" అని రోగినే చెప్పించిన, ఏది తెలిసినదో బయటపడును.

అమెరికాలో 2021 ఏప్రిలునుండి ఫలితములు సిద్ధమైనంతనే రోగికి కనబడవలెనని నిబంధన వచ్చినది. దానివలన కాన్సరు వార్తను వైద్యునికంటె ముందు తెరమీద ఒంటరిగా చదువుకొను గతి కొందరికి పట్టినది. త్వరపడుటయొక్కటే మందు కాదని మనవారు గ్రహింతురుగాక.

2020 జూలైలో ఉస్మానియా పాతభవనపు వార్డులలోనికి వాననీరు చొచ్చి, దానిని ఖాళీ చేయవలసివచ్చెను. గోషామహలున నూతన దవాఖానాకు 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగినది. పడకలెన్ని, అంతస్తులెన్ని యని పత్రికలలో విరివిగా వ్రాసినారు. ప్రతి విభాగముననుగల చూపుగదుల ప్రక్కన తలుపు మూసికొనదగిన ఒక చిన్నగదియు, అందు మూడు కుర్చీలును, తెలుగు ఉర్దూలెరిగిన ఒక సలహాదారును ఉండునట్లు అధికారులు ఏర్పాటు చేయవలెనని మేము కోరుచున్నాము.