కాలు తొడిగిన మరునాడు

కృత్రిమావయవముల పంపిణీ శిబిరములలో సాయంసమయమున కనిపించు దృశ్యమొకటి కలదు. రెండు కమ్ముల నడుమ, క్రొత్తకాలు తొడిగికొనిన మనిషి చేతుల ఆధారముతో నాలుగడుగులు వేయును, చుట్టునున్నవారు చప్పట్లు కొట్టుదురు, ఛాయాచిత్రము తీయుదురు, చీకటి పడకమున్నే బస్సు దొరకవలెనను తొందరతో ఆయన ఊరికి మరలిపోవును. ఆ ఆనందము నిజమైనదే. దానిని చిన్నబుచ్చుట నా యుద్దేశము కాదు. కాని మరునాటి ఉదయము, కమ్ములు లేని ఎగుడుదిగుడు వాకిటిలో, ఆ మనిషి ఎట్లు లేచి నిలుచునో, ఎన్ని దినములు నడచునో, ఏనాడు ఆ కాలిని విప్పి అటకమీద పెట్టునో విచారించు బాధ్యత మన వైద్యవ్యవస్థలో ఎవరిదియు కాకపోవుట, ఈ రంగమున మనము సాధించినదానిలో సగమును హరించుచున్న లోపమని నా నమ్మకము.

జైపూరునందలి సవాయి మాన్‌సింగ్ వైద్యశాలలో, 1968 ప్రాంతమున, పండిత రామచంద్రశర్మ యను హస్తకళానిపుణుడును, డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ యను శస్త్రవైద్యుడును కలిసి రూపొందించిన పాదము మన నేల నెరిగిన పాదము. గొంతుక్కూర్చుండుటకు, బాసిపట్టు వేయుటకు, చెప్పులు లేక మడిలో దిగుటకు అది అనువైనది. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన సంస్థ దానిని ఉచితముగా పేదల చెంతకు చేర్చినది. కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జీవితమును కథగా గైకొని, ఆమెయే నాయికగా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’ చిత్రమువలన జైపూర్ కాలు తెలుగువారి ఇండ్లలో పరిచితమైన మాట యైనది. ఆ చిత్రములోని నృత్యము మనకు జ్ఞాపకమున్నది; వేదిక నెక్కుటకు ముందు గడచిన దీర్ఘమైన అభ్యాసకాలమును మాత్రము మరచితిమి.

నడక యెంత శక్తివ్యయముతో కూడినదో రెండు కాళ్లున్నవారి ఊహకందదు. మోకాలి దిగువ కాలు కోల్పోయినవాడు అదే దూరము నడచుటకు సుమారు నాల్గవవంతు అధికశక్తిని వెచ్చింపవలసియుండును. తొడయొద్ద కోల్పోయినవానికి ఆ అదనపు భారము సగమునకు మించును. అలసట నడకను తగ్గించును. తగ్గిన నడక కండరములను, గుండెను దుర్బలము చేయును. ఆ దౌర్బల్యము మరునాటి నడకను మరింత బరువు చేయును. పైగా మొండికాలు ఒక్కరీతిగా నిలుచునది కాదు. శస్త్రచికిత్స జరిగిన తొలి సంవత్సరమున అది క్రమముగా కృశించును. ఒక్క దినములోనే ఉదయమునకును సాయంకాలమునకును దాని పరిమాణము మారును. ప్రొద్దున బిగువుగా నుండిన సాకెట్, అనగా మొండికాలు దూర్చు తొడుగు, మధ్యాహ్నమునకు వదులై, మొండికాలు లోనికి దిగబడి, కొన ఒరసికొని నొచ్చును. మేజోడొకటి అదనముగా తొడిగికొనిన పెక్కుమార్లు తీరిపోవు బాధ యిది! ఆ చిన్నమాట చెప్పువారు లేనప్పుడు, కాలే తనకు సరిపడలేదని ఆ మనిషి నిశ్చయించుకొనును. దినమంతయు మంచముమీద మోకాలు ముడిచి కూర్చుండినచో కీళ్లు పట్టివేయుననియు, కొంతసేపు బోర్లపడుకొనుట అందులకు మంచి ప్రతిక్రియ యనియు చెప్పవలసినవారు గూడ ఆ మనిషికి దూరముగనే యున్నారు.

ప్రమాదమున కాలు పోయిన యువకునికంటె, మధుమేహమువలన కోల్పోయిన వృద్ధుని స్థితి సంకటతరమైనది. భారత వైద్యపరిశోధనా మండలి అధ్యయనము 2023లో వెల్లడించిన అంచనా ననుసరించి మన దేశమున మధుమేహగ్రస్తులు 10 కోట్లకు పైబడియున్నారు. స్పర్శ నశించిన చర్మమున పుండు పడినను నొప్పి తెలియదు. మిగిలిన రెండవ కాలు గూడ అదే వ్యాధికి లోబడియుండును. కావున అట్టివానికి ‘నడువుము’ అని మాత్రమే చెప్పుట సగము వైద్యము. నడచి, రాత్రివేళ అద్దము పట్టి మొండికాలిని, రెండవ పాదపు అడుగుభాగమును చూచుకొమ్మని చెప్పుటయే పూర్తి వైద్యము.

ఇట్టి మాటలు చెప్పుటకు ప్రతివారము నూరుమైళ్లు బస్సులో రప్పింప నక్కరలేదు. దూరవాణి చాలును. అమెరికాలో మాజీ సైనికుల వైద్యవ్యవస్థకు చెందిన డెన్వర్ పరిశోధకులు, కాలు కోల్పోయిన వృద్ధసైనికుల ఇండ్లకు దృశ్యసంభాషణ ద్వారా చేరి, నడక లక్ష్యమును రోగియే నిర్ణయించుకొనునట్లును, అడుగులను తానే లెక్కించుకొనునట్లును, అడ్డంకులను కలిసి చర్చించునట్లును ఏర్పాటుచేసి పరీక్షించి చూచిరి. ఆ పద్ధతిలో నన్ను ఆకర్షించినది యంత్రముకంటె ఆ సంభాషణయే. 1965లో జపానున అమ్మకమునకు వచ్చిన యొక నడకమాపకము పేరునుండి లోకమంతట ప్రాకిన పదివేల అడుగుల లెక్కను మొండికాలివానిమీద మోపుట క్రూరము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో వారమునకు 150 నిమిషముల వ్యాయామమును వికలాంగులకు గూడ సూచించినను, ఏమియు చేయకుండుటకంటె కొంచెమైనను మేలనియే చెప్పినది. “పెద్దయ్యా, మేజోళ్లెన్ని వేస్తున్నావు? కాలు విప్పినాక ఎర్రమచ్చ ఎంతసేపటికి పోతున్నది?” అని మొదట అడిగి, పిదప అడుగుల సంగతి నెత్తువారే ఈ పనికి తగినవారు. పదిపదునైదు నిమిషములకు మచ్చ మాయము కానిచో ఆ దినమున నడక మానవలెను. ఛాయాచిత్రము తీయించి వాట్సాప్‌లో పంపించుకొనవలెను.

మనకు సాధనములు లేకపోలేదు. తెలంగాణలో పల్లె దవాఖానాలు, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ ఆరోగ్యకేంద్రములు, వానిని దూరముననున్న వైద్యునితో కలుపు ఈ-సంజీవని కలవు. 2020 మార్చిలో దూరవైద్యమునకు నియమావళి గూడ వెలువడినది. కాని ఈ ఏర్పాటంతయు జ్వరమునకో, రక్తపోటునకో ఒక్కమారు మందు వ్రాయుటకు పొసగునది. నేడొక వైద్యుడు, రేపింకొక వైద్యుడు మాటలాడినను జ్వరము తగ్గవచ్చును. నడక అట్లు కాదు. గడచిన వారము వాకిలి దాటినవాడు ఈవారము ఏల దాటలేదో గ్రహించుటకు గడచిన వారము విన్న చెవియే కావలెను. జిల్లాకొక ఫిజియోథెరపిస్టునకు, కాలు తయారుచేయు నిపుణునికి, సంవత్సరకాలము ఈ పనిని నిర్దిష్టముగా అప్పగించుటకు పెద్ద నిధులు అవసరము లేదు. ఐనను సాకెట్ అరగదీయుట, పగిలిన పాదము మార్చుట దూరవాణిమీద జరుగు పనులు కావు గనుక, పిలిచినవానికి రోగిని రప్పించు అధికారమును, దారిఖర్చు ఇచ్చు వెసులుబాటును ఉండి తీరవలెను. అవి లేని పలకరింపు ఓదార్పు మాత్రమే.

ఇంకొక సంకోచమును దాచరాదు. సదరం శిబిరమున నిర్ణయించిన వైకల్యశాతమును బట్టి పింఛను వచ్చు ఇంటిలో, ‘బాగుగా నడచుచున్నాను’ అని ప్రభుత్వపు మనిషితో చెప్పుటకు నోరు రాదు. కాలు ఏ మట్టమున తీసివేయబడినదను దానినిబట్టియే ఆ శాతము నిర్ణయింపబడును గాని, నడక మెరుగుపడినంతమాత్రమున అది తగ్గదు. ఐనను భయము భయమే. అడుగుల లెక్క పింఛను కార్యాలయమునకు ఎన్నడును చేరదని వ్రాతమూలకముగా హామీ ఇచ్చి, మొదటి పిలుపులోనే ఆ మాట స్పష్టముగా చెప్పవలెను.

స్త్రీల విషయము మరింత జాగ్రత్త కోరుచున్నది. అనేక గృహములలో ఫోను కొడుకు జేబులోనో, భర్త జేబులోనో పొలమునకు పోవును. పగలు పదిగంటలకు పిలిచినచో పలుకువాడు పొలముగట్టుననుండి ‘అంతా బాగానే ఉంది’ అనును, ఇంటనున్న ఆమె మొండికాలి పుండు ఆ మాటలో వినబడదు. శిబిరమున నమోదు చేసికొనునాడే, ఆమె చేతికి ఫోను ఏ వేళ వచ్చునో ఆమెనే అడిగి, రాత్రి ఎనిమిదియైనను సరే, ఆ వేళనే ఆమె పేరున పుస్తకమున వ్రాసికొనవలెను.