అనుపలబ్ధి యంతయు అభావసాధకమగునా?

సంస్కృతాంధ్ర పరిశోధనరంగమున ఇటీవలి సిద్ధాంతగ్రంథముల పీఠికలలో ఒక వాక్యము తఱచుగా కనబడుచున్నది: ఈ విషయమున ఇంతవఱకు పరిశోధన జరుగలేదని. ఆధారమేమని అడిగినచో, స్కోపస్, జేస్టోర్, గూగుల్ స్కాలర్ మున్నగు డేటాబేసులలో వెదకితిమనియు, ఏమియు లభింపలేదనియు సమాధానము వచ్చును. వెదకుట మంచిదే. లభింపలేదను దానినుండి లేదను నిర్ణయమునకు పోవు మార్గము మాత్రము విచారణీయము.

అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా భాట్టమీమాంసకులును అద్వైతులును అంగీకరించిరి. నైయాయికులు అభావము ప్రత్యక్షగ్రాహ్యమేయనియు, అనుపలబ్ధి అందులకు సహకారిమాత్రమేయనియు చెప్పిరి. ఇంత భేదమున్నను ఒకచో ఉభయులకును వివాదము లేదు. ఆ అనుపలబ్ధి యోగ్యమై యుండవలెను. అనగా వస్తువే యున్నచో అది తప్పక కనబడియుండెడిది అని చెప్పదగిన పరిస్థితి యుండవలెను. పట్టపగలు నేలపై ఘటము కనబడనిచో లేదనవచ్చును. చీకటిగదిలో కనబడనిచో లేదనుటకు వీలులేదు. తర్కసంగ్రహము చదివిన విద్యార్థికి తెలిసిన ఈ సంగతి కంప్యూటరు ముందు కూర్చుండగానే మఱపునకు వచ్చుట వింత. డేటాబేసులను పోల్చునపుడు దేనియందెన్ని లక్షల వ్యాసములున్నవని లెక్కించుటవలన ప్రయోజనము స్వల్పము. తాను చేపట్టిన ప్రశ్నకు ఏది వెలుతురుగల గదియో, ఏది చీకటిగదియో తెలిసికొనవలెను.

ఆంధ్రశబ్దచింతామణి కర్తృత్వవివాదమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. ఆ సంస్కృతసూత్రములు నన్నయభట్టువా, తరువాతివారివా యను చర్చ తెలుగు వ్యాకరణచరిత్రమున మౌలికమైనది. అది ప్రధానముగా తెలుగుననే, పత్రికలలోను గ్రంథపీఠికలలోను సాగినది. ఇట్టి చర్చలకు 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు యొక్క పత్రికయు, 1924లో ఆరంభమైన భారతియు వేదికలు. ఈ రెండును జేస్టోరునందు లేవు. పుణెలోని భండార్కర్ సంస్థ యొక్క ఆనల్స్ అందున్నది. కావున మహాభారతపాఠపరిష్కరణమును గూర్చి వెదకువానికి అచ్చట కొంత వెలుతురు దొరకును. చింతామణిని గూర్చి వెదకువానికి అదే గది చీకటి. స్కోపస్ తన పరిధిలోనికి రాగోరు పత్రికల వ్యాసములకు ఆంగ్లమున శీర్షికయు సంగ్రహమును ఉండవలెనని నియమించినది. తెలుగుననో సంస్కృతముననో మాత్రమే వెలువడు పత్రికకు ఆ ద్వారము మూతపడినట్లే.

గూగుల్ స్కాలర్ సంగతి వేఱు. అది యంత్రముచే తానుగా సేకరించును. ఏ పత్రికలను గ్రహించినదో జాబితా ప్రకటింపదు. పుటను చిత్రముగా మాత్రమే స్కాను చేసినచో అందలి అక్షరములు దానికి అందవు. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఎన్నో పాతపత్రికలను స్కాను చేయించి మహోపకారము చేసినది. కాని సంచికను తెఱచి విషయసూచిక చూచినవానికే వ్యాసము తెలియును. అక్షరములున్నచోటను చిక్కు తీఱదు. చింతామణి, చిన్తామణి అను రెండు లేఖనములును యంత్రమునకు రెండు పదములు. కర్తృత్వశబ్దమును సమాసముగా కలిపి వ్రాసినవారొకరు, విడదీసినవారొకరు. రోమనులిపిలో వ్రాసినపుడు స్వరచిహ్నములతో ఒకరు, లేకుండ ఒకరు, చకారమునకు ఒక అక్షరముతో ఒకరు, రెండింటితో ఒకరు. ఈ రూపములన్నిటితోను వెదకిన పరిశోధకులు అరుదు.

పూర్వము ఈ పని మనుష్యులు చేసిరి. లూయీ రెనూ 1931లో వేదవిషయక గ్రంథవ్యాససూచిని ప్రకటించెను. ఆర్.ఎన్.దాండేకర్ 1946 నుండి దానిని అనేకసంపుటములుగా కొనసాగించెను. అట్టి సూచిలో విషయవిభాగము శాస్త్రమెఱిగినవాని చేతిది. శీర్షికలో పదము లేకున్నను విషయము పట్టుబడును.

పరిశోధకుని అజ్ఞానముతోనే హాని ఆగినచో ఉపేక్షింపవచ్చును. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2019లో కేర్ జాబితాను తెచ్చి, 2025లో దానిని విరమించి, పత్రికల గుణనిర్ణయమును విద్యాసంస్థలకే విడిచినది. శ్రమ తప్పించుకొనగోరు సంస్థ స్కోపస్ నందున్నదా యని మాత్రమే అడుగును. అప్పుడు శబ్దశాస్త్రమున ముప్పదియేండ్లు తెలుగున వ్రాసిన పండితుడు ఏమియు వ్రాయనివాడగును. ఇది చీకటిగదినుండి తీసిన అభావనిర్ణయమే.

అయినను దోషమంతయు డేటాబేసులపై మోపుట న్యాయము కాదు. నాలుగేండ్ల సంచికలను ఒకే సంపుటముగా కుట్టి వెలువరించు పత్రికను ఏ సూచీకారుడు అనుసరింపగలడు? సంపుటసంఖ్య లేదు, వ్యాసారంభమున సంగ్రహము లేదు, పూర్వుల వ్యాసములను పేర్కొను ఆచారమును లేదు. ప్రతి ఓరియంటల్ కళాశాలయు తన పత్రిక మొదటి సంచిక నుండి కర్తృవిషయానుక్రమణికను తెలుగు, దేవనాగరి, రోమను లిపులలో సిద్ధపఱచి అందఱికి అందునట్లు ఉంచవచ్చును. దీనికి గొప్ప ధనము అక్కఱలేదు. ఇద్దఱు విద్యార్థులు, ఒక వేసవి చాలును.

అంతవఱకు పర్యవేక్షకులు చేయదగినది ఒకటి కలదు. పరిశోధన జరుగలేదని వ్రాసిన విద్యార్థిచేత, ఏ డేటాబేసున ఏయే లేఖనరూపములతో వెదకెనో, ఏ పత్రికల ఏ సంపుటములను స్వయముగా తిరగవేసెనో ఆ వాక్యము క్రిందనే వ్రాయింపవలెను.