చెట్టుపై వాండా

మామిడికొమ్మ నంటియున్న ప్రతి మొక్కను బదనిక యని నఱికివేయుట మన కోటబొమ్మాళి ప్రాంతమున నలవాటైనది. ఈ యలవాటు సగమే మంచిదని మా యభిప్రాయము.

నిజమైన బదనిక తన వేరును కొమ్మలోనికి దింపి చెట్టు రసమును పీల్చును. దానిని కొట్టివేయుట రైతునకు న్యాయమే. ఆర్కిడ్ జాతిలోని వాండా యట్టిది కాదు. దాని వేళ్లు బెరడును పట్టుకొనును గాని లోనికి జొరవు. తెల్లని మెత్తని పైపొరతో వాననీటిని పీల్చును. ఆహారమును తన యాకులతో తానే సిద్ధపరచుకొనును. చెట్టు దానికి ఇల్లేగాని కంచము కాదు. సంస్కృతమున వందా యను పదమే బదనికకును చెల్లుచున్నది గనుక, ఈ పొరపాటునకు పామరుల నొక్కరినే తప్పుపట్టరాదు.

గోధుమవన్నె గళ్లుగల రేకులు, ఊదారంగు పెదవి, చక్కని పరిమళముగల యీ పూవునకు, సామర్లకోటలో పనిచేసిన రాక్సుబరో దొర 1795లో వెలువడనారంభించిన తన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథమున బొమ్మ వేయించెను. ఆ గ్రంథపు బొమ్మలను గీచినవారు దేశీయ చిత్రకారులే. మధ్యధరా తీరమున తేనెటీగను బోలిన ఆర్కిడ్ పూచునని విని యబ్బురపడు మన బాలురు, తమ తోపులోని దీనిని తలయెత్తి చూడరు!

దీని విత్తులు ధూళివంటివి. వానిలో మొలకకు దాచిన తిండి లేదు. ఒకవిధమగు బూజు తోడ్పడినగాని మొలవవు. కావున ముదిచెట్టు పోయినచో నిన్న నాటిన అంటుమామిడి దానికి వెంటనే బదులు కాజాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన జిల్లా తోటలను నేలగూల్చినప్పుడు కొబ్బరికి, జీడిమామిడికి లెక్కలు కట్టిరి. చెట్లపై బ్రతుకు వాని లెక్క యెవరడుగుదురు? ఆర్కిడ్ జాతులన్నియు సైటిస్ అను అంతర్జాతీయ ఒడంబడికలో చేరియున్నవి. ఆ యొడంబడిక దేశముల నడుమ వర్తకమునకే గాని తోపులోని కత్తికి కాదు.

బరువునకు కొమ్మ విఱుగునని కొందఱు రైతులందురు. మిక్కిలి గుంపుగా పెరిగినచోట కొంత తీసి వేఱొక ముదిచెట్టునకు కట్టవచ్చును. చెత్తలో పాఱవేయ నేల?

తరగతికి పూవును త్రుంపి తెచ్చుటకంటె తోపునకు కాగితము, పెన్సిలు కొనిపోవుట మేలు. తోటలో కొమ్మలు కొట్టించునప్పుడు మన బాలబాలికలు ముందుగా పోయి, వేరు బెరడులోనికి దిగినదా, పైననే యున్నదా చూచి పెద్దలకు చెప్పవలెను.