ఓటు ఊళ్లో, మనం క్యాంపులో

పార్లమెంటు ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇదే ముచ్చట. ఫారం 6ఏ నింపి పేరు ఎక్కించుకున్నా, పాస్‌పోర్టు పట్టుకుని ఊరి బూత్‌కు పోతేనే మన ఓటు. టికెట్ ఖర్చు ఎవరిస్తారు? అందుకే శుక్రవారం ఇంటికి ఫోన్ చేసి "ఫలానా గుర్తుకెయ్యి" అంటాం. కులం చూసి, లేదంటే యూట్యూబ్ చూసి. నేనూ అన్నవాణ్నే. "పక్కింటాయన శవం కోసం ఎదురుచూసినప్పుడు ఆ పార్టీవాళ్లు ఎవరన్నా వచ్చిండ్రా?" అని మా ఆవిడ అడిగితే నోరు పెగల్లేదు.

కామర్స్ చదివినోణ్ని, లెక్కే చూస్తా. గల్ఫ్ ఉద్యోగాలకు తానే పెట్టిన కనీస వేతనాన్ని 2020లో కేంద్రం 30 నుంచి 50 శాతం దాకా కోసేసింది. గొడవయ్యాక 2021లో వెనక్కి తగ్గింది. అప్పుడు మన ఎంపీ ఏం మాట్లాడిండు? రేపు పోటీకొచ్చేటాయన మళ్లీ అట్ల కానివ్వనని రాసిస్తాడా? ఓటడగడానికి గడపలోకొస్తే ఇదే అడగమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. గుర్తు సంగతి వాళ్లే చూసుకుంటారు.